పక్క స్కూలు పిల్లలతో సాధన

విశాఖపట్నంలో సాయంత్రం ఐదున్నర దాటాక ఏ పేటకు వెళ్లినా తెల్లటి కరాటే డ్రెస్సుల్లో పిల్లలు కనబడతారు. ఎంవీపీ కాలనీలో పార్కులో, గాజువాకలో స్కూలు గ్రౌండులో, మధురవాడలో అపార్ట్‌మెంటు మేడ మీద, కంచరపాలెంలో కమ్యూనిటీ హాల్లో. తెల్లవారితే ఆర్కే బీచ్ ఇసుకలో ఇంకో గుంపు. ఊళ్లో ఇంత కరాటే ఉన్నా, మధురవాడ మేడ మీద నేర్చుకునే పిల్లకు గాజువాక గ్రౌండులో నేర్చుకునే పిల్ల పేరు కూడా తెలియదు. ఇద్దరూ ఎదురుపడేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, టోర్నమెంట్లలో. అక్కడ ఎవరెవరో గుర్తుపట్టడానికి ఒకరికి ఎర్ర బెల్టు, ఇంకొకరికి నీలం బెల్టు కడతారు. రెండు మూడు నిమిషాల బౌట్ అయిపోగానే ఎవరి మాస్టారి దగ్గరికి వాళ్లు వెళ్లిపోతారు.

ఎవరి కుంపటి వారిది అన్నట్టు సాగే ఈ పద్ధతిలో ఎక్కువగా నష్టపోయేది పెద్ద బెల్టుల దాకా వచ్చిన పిల్లలు. మామూలుగా ఏ కరాటే స్కూల్లోనైనా కొత్తగా మొదలుపెట్టిన తెలుపు, పసుపు బెల్టులవాళ్లు వరసలు వరసలుగా ఉంటారు. ఆకుపచ్చకు వచ్చేసరికి వరసలు పలచబడతాయి. బ్లాక్ బెల్టుకు ముందున్న బ్రౌన్ బెల్టు దగ్గర మిగిలేది ఇద్దరో ముగ్గురో. కారణం అందరికీ తెలిసిందే. తొమ్మిదో తరగతి చివర్లో తల్లి వచ్చి "వచ్చే ఏడాది పది కదా మాస్టారూ, కొన్నాళ్లు ఆపుదాం" అంటుంది. ఆ కొన్నాళ్లు ఇంటర్‌లోకి, ఇంటర్ నుంచి ఎంట్రన్స్ కోచింగులోకి సాగిపోతాయి. ఆదివారాలు కూడా పరీక్షలే. ఆ టెన్షన్‌లో కరాటే డ్రెస్సు అలమరాలోనే ఉండిపోతుంది.

ఇంత ఒత్తిడిలోనూ మానకుండా మిగిలిన ఆ ఇద్దరి పరిస్థితి ఏమిటి? ఐదు స్కూళ్లు ఉన్నాయనుకుందాం, ఒక్కో స్కూల్లో ఇద్దరు బ్రౌన్ బెల్టులు. విడివిడిగా ఉంటే ఒక్కొక్కరికి ఒకరే జోడీ. ఆ ఒకరికి జ్వరం వస్తే ఆ రోజు స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే పోరు సాధన, లేనట్టే. మాస్టారు వాళ్లను చిన్నపిల్లలకు నేర్పించే పనిలో పెడతారు. నేర్పించడం మంచిదే, కానీ పదహారేళ్ల పిల్లాడు ఎదగాలంటే తనను ఇబ్బంది పెట్టగలిగేవాడు ఎదుట నిలబడాలి. అవే ఐదు స్కూళ్లు నెలకోసారి ఒకచోట చేరితే ఒక్కొక్కరికి తొమ్మిది మంది జోడీలు దొరుకుతారు. కొత్తగా ఒక్కరిని చేర్చుకోనక్కర్లేదు.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్క ఇంకా గట్టిగా పనిచేస్తుంది. పసుపు బెల్టులో అబ్బాయిలతో సమానంగా ఉన్న అమ్మాయిలు పెద్ద బెల్టుల్లోకి వచ్చేసరికి తగ్గిపోతారు. చాలాచోట్ల ఆ స్థాయిలో మిగిలేది ఒక్కతే. ఆ అమ్మాయితో అబ్బాయిలు స్పారింగ్ చేస్తే దెబ్బ తగులుతుందేమోనని మరీ మెత్తగా చేస్తారు, లేకపోతే మొహమాటపడి పక్కకు తప్పుకుంటారు. రెండూ ఆమెకు పనికిరావు. ఊళ్లో ఇంకో నాలుగుచోట్ల ఇలాగే ఒంటరిగా మిగిలిన అమ్మాయిలు ఉంటారు. వాళ్లను ఒకచోటికి తీసుకురావడానికి నాలుగు ఫోన్ కాల్స్ చాలు. ఉమ్మడి సాధనకు ఇంకే ప్రయోజనం లేకపోయినా ఈ ఒక్కదాని కోసం మొదలుపెట్టవచ్చు.

కొత్త జోడీ ఎందుకంత అవసరమో సాధన లోపలికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. రోజూ ఒకే మనిషితో స్పారింగ్ చేసే పిల్లాడి కన్ను కరాటే కంటే ఎక్కువగా ఆ మనిషినే నేర్చుకుంటుంది. ఎదుటివాడు కిక్ కొట్టేముందు కుడి భుజం కొంచెం దించుతాడని, పంచ్ వేసేముందు ఊపిరి బిగిస్తాడని తెలిసిపోతుంది. దాన్ని బట్టి ముందే తప్పుకుంటాడు, తనకు వేగం పెరిగిందనుకుంటాడు. టోర్నమెంట్‌లో కొత్త మనిషి భుజం దించకుండా కిక్ వేసేసరికి నిలబడినచోటే దొరికిపోతాడు. "ఇక్కడ బాగానే చేస్తాడు, అక్కడికి వెళ్తే ఏమవుతుందో" అని మాస్టార్లు బాధపడేది ఈ పిల్లల గురించే.

ఇద్దరి మధ్య ఉండే దూరాన్ని జపనీస్‌లో మా-ఐ అంటారు. ఎంత దూరంలో ఉంటే తన దెబ్బ అందుతుంది, ఎదుటివాడిది అందదు అన్న అంచనా అది. ఇది స్కూలు స్కూలుకీ మారుతుంది. షోటోకాన్ శైలి పిల్లలు పొడవాటి స్టాన్సులు, అంటే కాళ్లు దూరంగా పెట్టి నిలబడే తీరులు, వేసి దూరం నుంచి దూసుకొస్తారు. గోజు-ర్యు శైలి పిల్లలు దగ్గరికి జరిగి, చేతికి చెయ్యి తగిలేంత దూరంలో పనిచేయడానికి అలవాటు పడి ఉంటారు. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో పంచ్‌కు ఒక పాయింటు, నడుముపై భాగానికి కిక్ వేస్తే రెండు, తలకు వేస్తే మూడు. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే బౌట్ ముగుస్తుంది. ఆ నియమాల్లో పెరిగినవాళ్లు తాకీ తాకనట్టు కొట్టి వెనక్కి ఎగిరిపోవడంలో నేర్పరులు. నిజంగా గట్టిగా కొట్టుకునే క్యోకుషిన్ శైలిలో పెరిగినవాళ్లు ఒంటిమీద, తొడమీద నిండా దెబ్బలు తిని నిలబడతారు. కానీ అక్కడ చేత్తో ముఖం మీద కొట్టకూడదు కాబట్టి గార్డు, అంటే ముఖానికి అడ్డుపెట్టే చేతులు, కిందికి జారడం మామూలు. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడితే మొదటి పది నిమిషాల్లోనే ఒకరికి ముఖం కాపాడుకోవడం రాదని, మరొకరికి దెబ్బ తగిలాక ఏం చేయాలో తెలియదని బయటపడుతుంది. ఏళ్ల తరబడి సొంత స్కూల్లో కనబడని లోపం అది.

కటాల్లో, అంటే ఒంటరిగా ఒక వరసలో చేసే కదలికల్లో, ఈ తేడా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో అంకో ఇతోసు అనే గురువు 1901 ప్రాంతంలో కరాటేని బడుల్లోకి తెచ్చాడు. పిల్లల కోసం ఐదు పినాన్ కటాలు కూర్చాడు. షిటో-ర్యు, వాడో-ర్యు వాళ్లు ఇప్పటికీ వాటిని పినాన్ అనే పిలుస్తారు. షోటోకాన్ వాళ్లకు అవే హేయాన్. పైగా షోటోకాన్ పెట్టిన గిచిన్ ఫునాకోషి మొదటి రెండిటి వరస మార్చాడు కాబట్టి అక్కడ పినాన్ షోదాన్ అన్నది ఇక్కడ హేయాన్ నిదాన్ అయింది. మన ఊళ్లో రెండు స్కూళ్ల పిల్లలు "మాకు ఆ కటా లేదు" అనుకుంటూనే ఒకే కటా చేస్తుంటారు.

ఆ కటా మొదటి కదలికనే చూడండి. ఎడమవైపు తిరిగి, బరువు వెనక కాలి మీద ఉంచి, రెండు చేతులూ పైకెత్తడం. షోటోకాన్‌లో అక్కడ కొకుట్సు-దాచి, పొడవాటి స్టాన్సు, బరువులో సుమారు డెబ్బై శాతం వెనక కాలి మీద. షిటో-ర్యులో అదే చోట నెకో-అషి-దాచి, అంటే పిల్లి అడుగు. కాళ్లు దగ్గరగా, ముందు పాదం వేళ్ల మొదళ్లు మాత్రమే నేలకు తగులుతూ, బరువంతా దాదాపు వెనక కాలి మీదే. ఏది సరైనది అని వాదనకు దిగితే సాయంత్రమంతా గడిచిపోతుంది, ఇద్దరికీ కోపం మిగులుతుంది. అలా కాకుండా ఒక షోటోకాన్ పిల్లను, ఒక షిటో-ర్యు పిల్లను పక్కపక్కన నిలబెట్టి, "ఇక్కడి నుంచి ముందు కాలితో కిక్ వేయి" అనాలి. పిల్లి అడుగులో ఉన్న కాలు వెంటనే లేస్తుంది. "ఇప్పుడు నిన్ను ముందు నుంచి తోస్తాను, ఆగు" అంటే పొడవాటి స్టాన్సులో ఉన్న పిల్ల నిలుస్తుంది. ఎవరి స్టాన్సు దేనికోసమో ఐదు నిమిషాల్లో పిల్లలకే అర్థమవుతుంది. ఇంటికెళ్లి తన కటా మళ్లీ చేసినప్పుడు ఆ అడుగు ఎందుకు అంత పొడవో మొదటిసారి తెలిసి చేస్తారు.

శైలులు కలిస్తే అసలు విద్య చెడిపోతుందని కొందరు పెద్ద మాస్టార్లు నిజంగానే భయపడతారు. గురువు చెప్పింది చెప్పినట్టు కాపాడాలన్న ఆ పట్టుదలను తీసిపారేయకూడదు. కానీ కరాటే చరిత్ర ఆ భయాన్ని సమర్థించదు. షిటో-ర్యు పెట్టిన కెన్వా మబుని ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకున్నాడు, ఇతోసు దగ్గర, హిగావొన్నా దగ్గర. ఆ ఇద్దరి పేర్లను జపనీస్‌లో రాసే మొదటి గుర్తులను ఇంకో ఉచ్చారణతో చదివి కలిపిందే షిటో అనే పేరు. గోజు-ర్యు పెట్టిన చోజున్ మియాగి, మబుని స్నేహితులు. 1920లలో వీళ్లిద్దరూ ఒకినావాలోని నాహాలో ఇతర గురువులతో కలిసి ఒక సాధన క్లబ్ నడిపారు. పేరున్న మాస్టార్లే అక్కడ ఒకరికొకరు కటాలు చూపించుకునేవారు. టీ వ్యాపారం చేసుకునే గో కెంకీ అనే చైనీయుడు తెల్లకొంగ శైలి చూపించేవాడు. వాడో-ర్యు పెట్టిన హిరోనోరి ఒత్సుకా అయితే జుజుత్సు అనే జపాన్ కుస్తీ విద్య మనిషి, ఫునాకోషి దగ్గర కరాటే నేర్చుకుని రెండిటినీ కలిపాడు. ఫునాకోషి 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చినప్పుడు ఆయన్ని తన శిక్షణాలయం కోడోకాన్‌కు పిలిచినవాడు జూడో పెట్టిన జిగోరో కానో. ఈరోజు ప్రతి కరాటే పిల్లాడూ వేసుకునే తెల్ల డ్రెస్సు, కట్టుకునే బెల్టుల పద్ధతి జూడో నుంచి తెచ్చుకున్నవే. 1936 అక్టోబర్ 25న నాహాలో పెద్ద గురువులంతా ఒకచోట కూర్చుని 'ఖాళీ చేయి' అనే అర్థంలో కరాటే అన్న రాతను ఖాయం చేశారు. ఒకినావాలో ఇప్పుడు ఆ తేదీనే కరాటే దినం. గోడలు తర్వాత కట్టుకున్నవి.

మన ప్రాంతానికీ ఇది కొత్త కాదు. ఉత్తరాంధ్రలో వ్యాయామశాలను తాలింఖానా అనేవారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు దేహాన్ని మలచుకున్నది విజయనగరంలో. కర్రసాము, గరిడీ చేసేవాళ్లు పండగ ఊరేగింపుల్లో ఒకరి ఎదుట ఒకరు విద్య చూపించుకున్నారు. పక్కపేట వాళ్లు చూస్తున్నారంటే కర్ర ఇంకా బాగా తిరిగేది.

మరి ఇప్పుడు ఎందుకు కుదరడం లేదు? శైలుల మధ్య తేడాలే కారణమని పైకి చెబుతారు. నిజానికి షోటోకాన్ మాస్టారికీ గోజు-ర్యు మాస్టారికీ పెద్దగా గొడవ ఉండదు. అసలు చేదు ఒకే శైలి లోపల, ఒకే గురువు శిష్యుల మధ్య ఉంటుంది. సీనియర్ విద్యార్థి బ్లాక్ బెల్టు వచ్చాక రెండు వీధుల అవతల వేరు కుంపటి పెడతాడు. కొందరు పిల్లలు ఇటు నుంచి అటు వెళతారు. గురువు తను పెంచినవాడే తన పొట్ట కొట్టాడనుకుంటాడు. శిష్యుడు తన బతుకు తను చూసుకున్నందుకు ఇంత పగా అనుకుంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చాలామంది కరాటే మాస్టార్లకు ఇదే జీవనాధారం. హాలు అద్దె కట్టాలి, నెల ఫీజు బాకీలు వసూలు కావు, పరీక్షల నెలల్లో పిల్లలు రారు. అలాంటప్పుడు పదిమంది విద్యార్థులు వెళ్లిపోవడం అహంకారానికి తగిలిన దెబ్బ ఒక్కటే కాదు, ఇంటి ఖర్చుకు తగిలిన దెబ్బ కూడా. ఈ సంగతి ఒప్పుకోకుండా 'మనమంతా ఒకే కుటుంబం' అని వేదిక మీద చెబితే ఎవరూ నమ్మరు.

బెల్టు టెస్టులు రెండో చిక్కు. టెస్టు ఫీజు మాస్టారి ఆదాయంలో ఒక భాగం. పక్క స్కూలు గ్రీన్ బెల్టు మన గ్రీన్ బెల్టును సులువుగా కొడితే తల్లిదండ్రులు ప్రశ్నలు అడుగుతారన్న భయం ఉంటుంది. ఆ భయం కొన్నిచోట్ల న్యాయమైనదే. పిల్లాడికి రాకముందే బెల్టు కట్టినచోట ఉమ్మడి సాధన ఇబ్బందే పెడుతుంది, పెట్టాలి కూడా.

మూడోది సంఘాల గొడవ. దేశంలో కరాటే సంఘాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతూ వచ్చాయి. 2020లో ప్రపంచ సమాఖ్య అప్పటి భారత సంఘం అనుబంధాన్ని నిలిపివేసింది. ఏ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందో తెలియక తల్లిదండ్రులు తలపట్టుకున్నారు. ఒలింపిక్స్ విషయానికొస్తే 2021లో టోక్యోలో ఒక్కసారి చోటు దక్కింది, 2024 పారిస్‌లో లేదు. ఢిల్లీలో తేలాల్సిన గొడవ విశాఖలో తేలదు. ఊళ్లో ఇద్దరు మాస్టార్లు తమ పిల్లలను ఆదివారం ఒక గంటన్నర కలిపి చేయించడానికి మాత్రం ఏ సంఘం అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. స్కూళ్లు కలవాలనుకోగానే ఓపెన్ టోర్నమెంట్ పెడదామంటారు, లేదా బయటి నుంచి పేరున్న మాస్టారిని పిలిచి సెమినార్ అంటారు. టోర్నమెంట్‌లో ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. ట్రోఫీలు ఏ స్కూలుకు ఎన్ని అన్నది ఆ రాత్రే వాట్సాప్ గ్రూపుల్లోకి వెళుతుంది. రిఫరీ ఎవరి మనిషి అన్న వాదన అక్కడితో ఆగదు. సెమినార్‌లోనేమో అందరూ ఒకే దిక్కు చూస్తూ నిలబడతారు, పక్కవాడితో చేతులు కలపరు. సహకారం పెరగాలంటే ఒకరి పంచ్‌ను ఒకరు బ్లాక్ చేస్తూ, జోడీలు మారుతూ, గంటసేపు చెమట కార్చాలి. అది చిన్న సంఖ్యలోనే సాధ్యం.

కాబట్టి మొదలు రెండు స్కూళ్లతో, వీలైతే వేర్వేరు శైలుల వాళ్లతో చేయడం మంచిది. గురుశిష్యుల పాత పగలున్న స్కూళ్లను మొదటే కలపబోతే పని చెడుతుంది, వాళ్లు తర్వాత మెల్లగా వస్తారు. పిల్లలకంటే ముందు మాస్టార్లు ఒకటి రెండుసార్లు తామే విడిగా కలిసి సాధన చేయాలి, ఎవరూ చూడకుండా, ఫోటోలు లేకుండా. పెద్దవాళ్లు ఒకరి చేతిని ఒకరు పట్టుకుని "ఇది ఎందుకిలా?" అని అడిగే స్థితికి వస్తే పిల్లల సాధన దానంతట అదే కుదురుతుంది. ఉమ్మడి సాధన రోజున కూడా ఒక మాస్టారు నేర్పుతుంటే రెండో మాస్టారు వరసలో నిలబడి చేయాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. తమ మాస్టారు పక్క స్కూలు మాస్టారు చెప్పినట్టు కాలు సరిచేసుకోవడం చూసిన పిల్లాడు ఆ తర్వాత పక్క స్కూలును తక్కువ చేసి మాట్లాడడు.

విద్యార్థులు మారే విషయం ముందే మాట్లాడుకోవాలి. పిల్లాడు స్కూలు మారాలనుకుంటే కొత్త మాస్టారు ముందుగా పాత మాస్టారికి ఫోన్ చేయాలి. ఫీజు బాకీ తీరాలి. వచ్చిన పిల్లాడి బెల్టును గౌరవించాలి, మళ్లీ తెల్ల బెల్టు నుంచి మొదలుపెట్టించి అవమానించకూడదు. ఉమ్మడి సాధన జరిగేచోట ఎవరూ తమ స్కూలు పాంప్లెట్లు పంచకూడదు, బ్యానర్ కట్టకూడదు, బెల్టు టెస్టు పెట్టకూడదు. డబ్బు హాలు అద్దెకు, మంచినీళ్లకు మించి వసూలు చేయకూడదు. ఇవి నోటిమాటగా కాకుండా ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే తర్వాత 'అలా అనలేదు' అన్న మాట రాదు.

స్పారింగ్‌లో దెబ్బ ఎంత గట్టిగా అన్నదానికి ఒకటే పద్ధతి పనిచేస్తుంది. రెండు స్కూళ్లలో ఏది మెత్తగా చేయిస్తుందో దాని నియమమే ఇద్దరికీ. ఫుల్ కాంటాక్ట్ స్కూలు పిల్లలు తమ అలవాటు పక్కన పెట్టాలి. చిన్నపిల్లలకు ముఖానికి తాకడం అసలు ఉండకూడదు. గ్లవ్స్, మౌత్‌గార్డ్, షిన్‌గార్డ్ లేని పిల్లలను స్పారింగ్‌కు దింపకూడదు, ఒకే సెట్టును మార్చి మార్చి వాడుకోనివ్వకూడదు. మొదటి రెండు మూడు నెలలు అసలు స్పారింగే లేకుండా జోడీ డ్రిల్స్, కటా పోలికలతో నడిపితే ఇంకా మంచిది. పిల్లలకు ఒకరి పేరు ఒకరికి తెలిశాక కొట్టుకోవడంలో తేడా వస్తుంది.

చోటు విషయంలో విశాఖకు ఒక వరం ఉంది, దానితోపాటు ఒక ప్రమాదం కూడా ఉంది. బీచ్‌లో పొద్దున్నే సాధనకు డబ్బు కట్టక్కర్లేదు, అది ఏ ఒక్క స్కూలుదీ కాదు కాబట్టి ఎవరూ అతిథి కారు. ఇసుకలో పంచులు, స్టాన్సులు చేస్తే కాళ్లకు మంచి బలం. కానీ ఇసుకలో పాదం దిగబడుతుంది. ఒళ్లు తిప్పి కిక్ వేసేటప్పుడు చీలమండ, మోకాలు మెలిపడే అవకాశం ఎక్కువ కాబట్టి స్పారింగ్ అక్కడ వద్దు. సాధన అయ్యాక ఒళ్లంతా చెమటతో ఉన్న పిల్లలు నీళ్లలోకి పరిగెత్తబోతారు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే అలల సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ముప్ఫైమంది పిల్లలను తీసుకెళ్లినప్పుడు నీళ్లవైపు ఇద్దరు పెద్దవాళ్లు నిలబడి ఉండాల్సిందే.

గాజువాక, మధురవాడ ఊరికి రెండు చివర్లు, సిటీ బస్సులో గంటకు పైనే. అటునుంచి ఇటు పిల్లలను రమ్మనడం కష్టం. ఆర్టీసీ కాంప్లెక్స్‌కో ఎన్ఏడీ జంక్షన్‌కో దగ్గర్లో ఉన్న స్కూలు హాలు దొరికితే ఇద్దరికీ సగం దూరం పడుతుంది. అమ్మాయిలు వస్తున్నప్పుడు ప్రతి స్కూలు నుంచి ఒక తల్లి తోడు రావడం మంచిది. తల్లులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెడితే సాధన ఆగిపోయే అవకాశం తగ్గుతుంది, ఎందుకంటే వచ్చే నెల ఎప్పుడని అడిగేది వాళ్లే.

ఎప్పుడో ఒకసారి దెబ్బ తగులుతుంది. పెదవి చిట్లుతుంది, వేలు బెణుకుతుంది. ఉమ్మడి సాధనలు ఆగిపోయేది మామూలుగా అక్కడే. 'వాళ్ల పిల్లాడు కావాలనే కొట్టాడు' అన్న మాట సాయంత్రానికి రెండు పేటలూ తిరుగుతుంది. అందుకే ఆ రోజే, పిల్లాడు ఇంటికి చేరకముందే, కొట్టిన పిల్లాడి మాస్టారు తనే తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి. అవసరమైతే ఇద్దరు మాస్టార్లూ కలిసి ఆసుపత్రికి వెళ్లాలి. కొట్టిన పిల్లాడు మరుసటి నెల అదే జోడీతో, ఈసారి నెమ్మదిగా చేసే డ్రిల్‌తో మొదలుపెట్టాలి.

జూన్‌లో స్కూళ్లు తెరిచాక మొదలుపెట్టి నెలకో ఆదివారం చొప్పున నడిపితే సంక్రాంతి దాకా ఏడెనిమిది సాధనలు అవుతాయి. అక్టోబర్, నవంబర్లలో తుపాను హెచ్చరికలకు ఒకటి రెండు పోవచ్చు. సంక్రాంతి తర్వాత పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఎలాగూ రారు. ఆ మూడు నెలలు సాధనను పూర్తిగా ఆపకుండా మాస్టార్లు మాత్రం కలుస్తూ, వచ్చే జూన్‌లో పిల్లలకు ఏ కటా పక్కపక్కన చేయించాలో ముందుగా తామే చేసి చూసుకోవచ్చు. పరీక్షలు అయిపోయిన వారంలో ఆ బ్రౌన్ బెల్టు పిల్లలకు మొదట ఫోన్ చేయాల్సింది కూడా వాళ్లే. "ఆదివారం అందరూ వస్తున్నారు, నీ జోడీ కూడా వస్తోంది" అని చెబితే అలమరాలో ఉన్న డ్రెస్సు బయటికి వస్తుంది.